సీక్రెట్‌లీ వెనక జల్లెడ

జగదల్‌పూర్ స్టేషన్లో శత్రువుల కొరియర్‌ని ఎవరో కాల్చేశారు. చీఫ్ శ్యామ్‌ప్రసాద్ ఆ కబురు చెబుతుంటే ఏజెంట్ ఏలియా టీ తాగుతూనే ఉన్నాడు. తోటి ఏజెంట్ సంజయ్ పోయిన దగ్గర్నుంచీ ఏ చావుకబురు విన్నా అతని మనసు కదలడం లేదు. తిమ్మిరెక్కిన కాలులా పడి ఉంది.

“వాడి జేబులో ఒకటే మెసేజ్. ‘సరుకు ఈ మధ్యాహ్నం సీక్రెట్‌లీ అందించండి.’ సరుకంటే బాంబు.”

శత్రువులైన ఆ విదేశీ ముఠా బాస్‌కి లాటిన్ పిచ్చి. మెసేజ్‌లోని ఇంగ్లీషు క్రియావిశేషణానికి లాటిన్ మూలం తవ్వితే చోటు తెలుస్తుంది. పోయినసారి ‘మాన్యువల్లీ’ అన్నారు. మానుస్ అంటే చెయ్యి. సెమినరీలో చదివి, ఫాదర్ కాకుండానే బయటపడ్డ ఏలియాకి అది తట్టేసరికి చేతిపంపు పేలిపోయింది. పక్కనే సంజయ్ ఉన్నాడు.

“సే అంటే విడిగా. చెర్నెరె అంటే జల్లించడం. జల్లించి విడిగా దాచిందే సీక్రెట్. చోటు జల్లెడ దగ్గర, సార్,” అన్నాడు ఏలియా.

“అయితే కిరండూల్! ఖనిజం జల్లించే ప్లాంట్!” నల్ల కళ్లద్దాలు పైకి నెట్టింది ఏజెంట్ రాధ. కుంట ఊరి దగ్గర దోర్ల గిరిజనుల పల్లెలో పుట్టి పెరిగానని చెప్పి చేరిన సుందరి. “హెలికాప్టర్ సంత మైదానానికి వస్తోంది.”

ఇద్దరూ వెళ్లేసరికి హెలికాప్టర్ ఇంకా దిగలేదు. సంతలో ఏలియాని పాత పరిచయస్తురాలు, కల్లు అమ్మే సోమి పట్టుకుంది.

“ఏంది తమ్మీ, మొకం చాటేసి పోతున్నవ్? ఓ గుక్కెడు తాగి పో.”

ఆకు దొప్పల్లో జీలుగు కల్లు పోసింది. రాధ గటగటా తాగేసింది.

ఏలియా ఆమె కాళ్ల దగ్గర నేల చూశాడు. పొడిగా ఉంది. పోయిన పెద్దల పేర చుక్క నేలకు వదలందే దోర్ల బిడ్డ పెదవి తడపదు. నిద్రలో లేపి ఇచ్చినా మర్చిపోదు. ఈమె పుట్టుకే అబద్ధమైతే, కిరండూల్ మాట మాత్రం నిజమెలా అవుతుంది?

“సోమక్కా, ఇక్కడ జల్లెళ్లు ఎవరైనా అమ్ముతున్నారా?”

“గా మూలకు. మస్తు జనమున్నరు.”

రాధ వేలు వాచీలోని రిమోట్ బటన్ మీదికి పోయింది. ఏలియా ఆ చెయ్యి మెలిపెట్టి వాచీ ఊడబీకి, ఆమెను సంత పోలీసుల మీదికి తోశాడు. మూలకు పరుగెత్తాడు. జల్లెళ్ల దొంతర కింద బాంబు పెట్టె, ఎర్ర లైటు, తగ్గిపోతున్న అంకెలు. చుట్టూ చంటిపిల్లల తల్లులు బేరాలాడుతున్నారు. పెన్నులో దాచిన కత్తెరతో ఆఖరి సెకనులో వైరు కోశాడు.

సోమి ఇంకో దొప్ప నింపింది. ఏలియా క్రైస్తవుడే. అయినా సంజయ్ పేర ఒక చుక్క నేలకు వదిలాడు. ఏడుపొస్తుందేమోనని ఆగి చూశాడు. రాలేదు. మనసులో తిమ్మిరి మాత్రం కాస్త వదిలింది, చాలా కాలానికి.

చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్! మిషన్ ‘సక్సెస్‌ఫుల్లీ’ ముగిసిందని రాసెయ్యనా?”

“తెలుగులో రాయండి సార్. ఆ మాట రాస్తే దాని వేరు తవ్వే డ్యూటీ కూడా నాకే వేస్తారు.”