ఒకే పుట్టుముద్ర

పొద్దున పదకొండు గంటలప్పుడు నర్సవ్వ తెర మీద ఒక మనిషి నాడి యాభై ఎనిమిది నుంచి తొంభై నాలుగుకు ఎగిరి, మరుక్షణం మళ్లీ యాభై ఎనిమిదికి పడింది. అలా కొట్టుకునే గుండె లోకంలో ఉండదు. ఉంటే ఆ మనిషి ఉండడు.

గోదావరిఖని యంత్రశాలలో నాలుగు వేల నీడయంత్రాలకు ఆమె ఒక్కతే దిక్కు. నీడయంత్రం అంటే ఇనుముతో చేసింది కాదు. పెద్ద సర్వర్ లోపల ఊహగా నడిచే యంత్రం. మనిషికొకటి చొప్పున ఉంటుంది. మందులు వేయిస్తుంది, తలుపు తీస్తుంది, సరుకులు తెప్పిస్తుంది. సాయంత్రం కాగానే 'దినసారం' చదువుతుంది: ఇవాళ మీరు ఎవరితో మాట్లాడారు, ఏం మాట్లాడారు, ఏం మరిచిపోయారు. వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండేది 'కావలి'. ఎవరి నాడి తప్పినా అది గంట కొడుతుంది. మనుషులు ఒకరినొకరు చూసుకోవలసిన పని తప్పింది కాబట్టి చూసుకోవడం కూడా మానేశారు. నర్సవ్వకూ ఆ రోజు పొద్దుటి నుంచీ నోరు విప్పే అవసరం రాలేదు.

ఆమె కావలిని ఆపి మళ్లీ నడిపింది. నాడి మారలేదు. గడియారం సరిచూసింది, సరిగానే ఉంది. చివరికి విసుగొచ్చి వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆ నాడి వచ్చే సర్వర్‌లో నలభై యంత్రాలు నడుస్తున్నాయి. కావలిలో ముప్పై తొమ్మిదే కనిపిస్తున్నాయి.

అప్పుడు అర్థమైంది. ఎవరో బద్ధకస్తుడు కొత్త యంత్రాన్ని మొదటి నుంచి తయారుచేయకుండా, ఉన్నదానికే నకలు తీసి నిలబెట్టాడు. యంత్రానికొకటి చొప్పున ఉండాల్సిన గుర్తు, పుట్టుముద్ర, మార్చడం మరిచిపోయాడు. రెండు యంత్రాలదీ ఒకే ముద్ర కావడంతో కావలి ఇద్దరు మనుషుల్ని ఒక్కరుగా చూస్తోంది; ఒకరి ముచ్చట్లు ఇంకొకరి దినసారంలోకి వెళ్లిపోతుంటాయి.

ఒకరు రామగుండంలో ఒంటరిగా ఉండే రిత్విక్, డెబ్బై రెండేళ్లు. ఇంకొకరు మంథనిలో ఉండే సాన్విక, అరవై ఎనిమిది. ముసలివాళ్లకు ఇలాంటి పేర్లు, పడుచువాళ్లకు నర్సవ్వలు, మల్లవ్వలు ఉండే కాలం అది. విడదీసేముందు ఇద్దరికీ తెలియజేయాలన్నది నిబంధన. ఒకరి పేరు ఇంకొకరికి చెప్పకూడదన్నది ఇంకో నిబంధన.

ఆమె ముందు రిత్విక్‌కు ఫోన్ చేసింది.

"తాతా, యంత్రశాల నుంచి నర్సవ్వను. దినసారంల ఎప్పుడన్న మీవి కాని ముచ్చట్లు వచ్చినయా?"

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"వస్తున్నయి బిడ్డా. పద్నాలుగు నెలల సంది."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే బాగుచేస్తరని చెప్పలే."

నర్సవ్వ కేసు గడిలో 'పద్నాలుగు నెలలు' అని రాసుకుంది. ఆయనే అందుకున్నాడు.

"మొదట్ల నవ్వొచ్చింది. 'ఈరోజు మీరు కోడలితో పోట్లాడారు' అంటది. నాకు కోడలేడిది? ఇగ అలవాటైంది. ఆరు కాంగనే కుర్చీ ఏసుకొని కూసుంట. నిన్న ఆమె మనుమరాలికి జ్వరం నూట రెండున్నది. తగ్గిందా బిడ్డా?"

"అడుగుత తాతా," అంది నర్సవ్వ. అడగకూడదని ఆమెకు తెలుసు.

తరువాత ఫోన్ చేస్తే, సాన్విక ఈ సంగతి విన్నంతనే మండిపడింది. "ఎవరో మొగాయన నా ముచ్చట్లు విన్నడా? అన్నీనా?"

"రోజూ ఆరింటికి కూసొని విన్నడట అమ్మా. మీకు రాలేదా దినసారం?"

"నా ముచ్చట మళ్ల నాకెందుకని ఎప్పుడో బందు చేసిన." గొంతు ఉన్నట్టుండి తగ్గింది. "మొత్తం విన్నడా? మధ్యల లేచిపోకుంట?"

"విన్నడు."

"మా ఇంట్ల ఏడుగురం. నేను సగం చెప్పేసరికి ఎవరి అర్రలకు వాళ్లు పోతరు." మళ్లీ ఆమే అడిగింది. "విడదీయకుంటే ఏమైతది?"

"మొన్న బాత్‌రూంల జారిపడ్డరని మీ యంత్రంల రాసున్నది. ఆయన నాడి నిమ్మళంగ ఉండబట్టి కావలి గంట కొట్టలే. రెండు గంటలు ఎవ్వరికీ తెల్వలే."

"పడ్డ, లేచిన. అట్లనే ఉండనియ్యి."

"ఇంకోసారి లేస్తరో లేదో. నాతోని కాదమ్మా."

సాన్విక బతిమాలలేదు. "ఆయనెవరు?" అని మాత్రం అడిగింది. నర్సవ్వ పేరు పలకబోయింది. మొదటి అక్షరానికే లైను తెగింది. కావలి ఆమె మాటల్నీ కాస్తుంది మరి. మళ్లీ కలిపాక సాన్విక అంది: "పోనీ, ఒక మాట చెప్పు. పిల్లకు జ్వరం తగ్గింది. పొద్దున రెండిడ్లీలు తిన్నది."

నర్సవ్వ కొత్త ముద్ర వేసి రెండు యంత్రాల్నీ తిరిగి లేపింది. తెర మీది ఒక గీత రెండుగా చీలింది. కావలిలో నలభై లెక్క తేలింది, కేసు దానంతటదే మూసుకుపోయింది. పని తప్పు లేకుండా చేశానని తెలిసినా ఆమెకు ఏడుపొచ్చింది. రిత్విక్ గడిలో 'మాటలు' అన్నచోట సున్నా ఉంది. ఇన్నాళ్లూ అక్కడ కనిపించినవన్నీ సాన్విక మాటలే.

ముగింపు కబురు చెప్పడానికి ఆయనకు చివరిసారి ఫోన్ చేసింది.

"జ్వరం తగ్గిందట తాతా. పొద్దున రెండిడ్లీలు తిన్నదట."

"అట్లనా! మంచిమాట చెప్పినవ్." ఆయన సంబరం ఆమె చెవికి తగిలింది. "చట్నీ ఏం చేసినరట?"

ఆ మాట ఆమె అడగలేదు. సాన్వికకు ముగింపు కబురు ముందే చెప్పేసింది, మూసిన కేసు మీద మళ్లీ ఫోన్ కలవదు. ఆయన ఎదురుచూస్తున్నాడు. తెలియదని చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు.

"పల్లీల చట్నీ," అంది.

"ఆ పిల్లకు పల్లీలు పడవు బిడ్డా," అన్నాడు రిత్విక్, ఆమె నొచ్చుకోకుండా, మెల్లగా. "పోయిన వానకాలం ముఖమంత వాసింది. నీకు తెల్వదు."

ఆ తరువాత ఆయనే ఫోన్ పెట్టేశాడు.