పత్తి రాశి ముందు మసక ఫోటో

జగ్గయ్యపేటలో బస్సు దిగి, దారి అడుగుతూ వచ్చిన పుల్లమ్మ డిటెక్టివ్ ఉదయభాస్కర్ గది గుమ్మంలోనే నిలబడిపోయింది. అసిస్టెంటు సంయుక్త కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నేను తియ్యలేదు బాబూ. రేపు సాయంత్రానికి నగ ఇవ్వకపోతే స్టేషన్లో అప్పజెప్తామన్నారు."

ఆమె నందిగామలో పత్తి వ్యాపారి కోటిలింగం దగ్గర పత్తి ఏరుతుంది. ఏటా తొలి పత్తి దిగిన రోజు రాశికి పూజ చెయ్యడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆయన భార్య సత్యనారాయణమ్మ కాసులపేరు వేసుకుని పూజలో కూర్చుంది. భోజనాలయ్యాక దాన్ని తీసి ఆఫీసు గది బీరువాలో పెట్టింది. దీపాలవేళకి అది లేదు. కొడుకు కిషోర్ కొత్త కెమెరాతో తీసిన నలుపు తెలుపు ఫోటోలో, రాశి పక్కనుంచి, సంచి పట్టుకుని ఆ గదిలోంచి వస్తున్న పుల్లమ్మ కనిపించింది. ఫోటో అంతా మసకచీకటి.

"పూజసామాను కోసం మధ్యాహ్నం వెళ్లా. మళ్లీ అటు పోలేదు. ఫోటోలో సందె పడిందిగా అంటున్నారు."

కాగితం మీద బొమ్మ ఉంటే కూలిమనిషి మాట ఎవరికి కావాలి? సంయుక్తకి ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున్నే ఉదయభాస్కర్, సంయుక్త నందిగామ వెళ్లారు.

"కెమెరా అబద్ధం చెబుతుందాండీ?" అన్నాడు కోటిలింగం.

ఉదయభాస్కర్ ఫోటో తీసుకుని చూశాడు. తూకం కాటా నీడ దాని కాళ్ల దగ్గరే ముద్దగా పడి ఉంది. సంయుక్త కూడా అది చూసింది గానీ దాన్లో విశేషమేమిటో అర్థం కాలేదు.

"ఎప్పుడు తీశావు కిషోర్?"

"సాయంత్రమేనండి. చూస్తే తెలియట్లా?"

"నెగటివ్‌లు?"

"స్టూడియోలో ఉండిపోయాయండి." కిషోర్ పత్తి రాశి వైపు చూస్తూ చెప్పాడు.

ఉదయభాస్కర్ అతని కెమెరా అడిగి తీసుకుని, కొత్త రీలు వేసి, మిట్టమధ్యాహ్నం ఆ రాశినే రెండుసార్లు ఫోటో తీశాడు. రీలు పట్టుకుని సంయుక్త స్టూడియోకి వెళ్లింది.

సాయంత్రం ఉదయభాస్కర్ పుల్లమ్మతో సహా అందరినీ రాశి ముందుకి పిలిచాడు. చేతిలో రెండు ఫోటోలున్నాయి.

"రెండూ ఒకే ఎండలో తీశా. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ముల్లు చెప్పినట్టు తీసింది సందెవేళలా ఉంది. వెలుగు రెండు స్టాపులు, అంటే నాలుగింతలు, పెంచి తీసిన దాన్లో పత్తి పత్తిలా ఉంది. మీటరుకి తెలుపూ నలుపూ తెలియవండీ. ఎదర ఏదున్నా బూడిదరంగే అనుకుంటుంది. ఇంత తెల్లటి రాశిని చూసి, ఎండ ఎక్కువైందనుకుని వెలుగు తగ్గించేస్తుంది. కిషోర్ మీటరుని నమ్మాడు. కానీ కాటా నీడ చూడండి. సూర్యుడు నడినెత్తిన ఉంటే తప్ప అలా పడదు. అమ్మా, మిట్టమధ్యాహ్నం కాసులపేరు ఎక్కడుంది?"

"నా మెళ్లోనే," అంది సత్యనారాయణమ్మ నీరసంగా.

"మరి సాయంత్రమని ఎందుకు చెప్పాడంటారా? నెగటివ్‌లు స్టూడియోలోనే దొరికాయి. ఆఖరి ఫోటో కిషోర్ ప్రింటు వేయించలేదు." దాని ప్రింటు చూపించాడు. పత్తి మీద పరిచిన కాసులపేరు.

కిషోర్ కూలబడ్డాడు. "తెల్లటి పత్తి మీద బంగారం బావుంటుందని బీరువాలోంచి తెచ్చా నాన్నా. కెమెరా సర్దుకునేలోపు బళ్లొచ్చాయి, పైన పత్తి గుమ్మరించేశారు. ఎంత వెతికినా దొరకలా. మీరు పుల్లమ్మ పేరెత్తితే… ఊరుకున్నా."

అతన్ని చూస్తే సంయుక్తకి జాలేసింది. పుల్లమ్మని చూస్తే ఆ జాలి నిలవలేదు.

కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. "పొరపాటైపోయింది పుల్లమ్మా. నీ చేతులకి అలవాటు కదా, కాస్త ఈ రాశి వెతుకు."

పుల్లమ్మ చేతులు చీరకొంగులో దాచుకుంది.

"నేను చెయ్యి పెట్టనండి. నాకు దొరికితే, నేనే దాచి తీశానంటారు."

కోటిలింగం చెప్పులు విప్పి, పంచె ఎగగట్టి, రాశిలోకి దిగాడు. పుల్లమ్మ కాటా పక్కన కూర్చుని చూసింది. కాసులపేరు ఆయన చేతికి దొరికాకే లేచి ఇంటికి వెళ్లింది.