చక్రాలు లేని కారు

"పదకొండింటికి ఆవిష్కరణ ఫంక్షన్‌లో మంత్రిగారు ఆ కొత్త కారెక్కుతారు. విదేశీ ముఠా అందులో బాంబు పెట్టింది. దాని రిమోట్ ఆ కారు గీసిన డిజైన్ స్టూడియోలోనే ఉంది," అన్నాడు చీఫ్.

"ఫంక్షన్ ఆపేయొచ్చుగా?"

"ఫొటోగ్రాఫర్లను పిలిచేశారట. బాంబ్ స్క్వాడ్ కూడా టైర్లు రెండుసార్లు తన్ని, సేఫ్ అని సంతకం పెట్టింది."

వీళ్ల తెలివికో దణ్ణం పెట్టి ఏజెంట్ డేగ బయల్దేరాడు. అతికించిన మీసం, నల్లకళ్లద్దాలు. ఆ వేషంలో వాళ్లావిడైతే వీధి చివరి నుంచే గుర్తుపడుతుంది.

పదింబావు. స్టూడియోలో ముసలి స్కెచ్ మాస్టారి చేతులకు అప్పటికే బేడీలు. పాతకాలం కార్ల చక్రాల మీది గుండ్రటి ఫెండర్లు చూసి ఈ కొత్త కారు గీసింది ఆయనే.

ఆయన్ని పట్టిచ్చింది నెమలి. ముఠా వదిలి మనవైపు తిరిగిన డబుల్ ఏజెంట్. ఇక్కడ కార్ల బొమ్మలకు కంప్యూటర్లో రంగులేసే డిజిటల్ రెండరింగ్ చేస్తుంది. అందానికి అందం, జీతానికి రెండు జీతాలు.

"ముసలాడే. కళ్లారా చూశాను," అంది.

"రెండేళ్లు గీసుకున్న కారు బాబూ! నేనే పేల్చుకుంటానా?" మాస్టారు మొత్తుకున్నాడు. మంత్రి పోతే ఉరి ఆయనకే.

డేగ కాగితం జరిపాడు. "మేడమ్, ముఠాలో చేరకముందు పదేళ్లు కార్లే గీశారటగా. రిపోర్టుకో స్కెచ్ గీసివ్వండి."

పొగడ్తకు నెమలి పొంగిపోయింది. ముందు టాప్ గీసింది. తర్వాత తలుపులు. చివర్లో చక్రాలకు చోటు వెతుక్కుంది.

"ఓసి నీ మొహం మండ!" మాస్టారు బేడీలు మరిచిపోయి అరిచాడు. "మొట్టమొదట రెండు చక్రాలు పెట్టాలే! వాటి కొలతతోనే కదా బండంతా! మొదటిరోజు నేర్చుకునే పాఠం!"

కంప్యూటర్లో రెడీమేడ్ చక్రాలకు రంగులేసి పబ్బం గడుపుకున్న నంగనాచి! గీయడమే రాని మనిషికి ఈ స్టూడియోలో ఏం పని? పదేళ్ల అనుభవం అబద్ధమైతే, ముఠా వదలడమూ అబద్ధమే.

డేగ చూపు అర్థమై నెమలి ట్యాబ్లెట్ పక్కనున్న డిజిటల్ పెన్ను, స్టైలస్ లాక్కుంది. కాగితం మీద గీసేదానికి అదెందుకు? అదే రిమోట్! పదకొండయింది. కిటికీ అవతల మంత్రిగారు పళ్లికిలిస్తూ కార్లో కూర్చున్నారు. ఆమె బొటనవేలు దాని బటన్ మీదికి వెళ్తుండగా డేగ ఆమె మణికట్టు విరిచాడు. స్టైలస్ కిందపడింది. మంత్రిగారు ఫొటో బాగా రాలేదని మళ్లీ దిగి ఎక్కారు.

బేడీలు చేతులు మారాయి. మాస్టారు ఆమె స్కెచ్ ఎత్తి చూసి మొహం చిట్లించాడు.

"బాంబు సంగతి కోర్టు చూసుకుంటుంది లెండి. ఈ బొమ్మకు శిక్ష ఎవరేస్తారు?"