పొరుగింటి దీపం మసి

సింగారి తాటాకులకు నూనె రాస్తోంది. పొన్నవరం రాజుగారి బడిలో పుస్తకాల గది అది. అందులో మూడు కట్టలున్నాయి: మగ్గాలవీధి కథలు, పడవలవాడ కథలు, కొండగూడెం కథలు. ఆకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో దీపం మసి రుద్దితేనే అక్షరం నల్లగా కనిపిస్తుంది. పురుగు పట్టకుండా నెలకొక పిల్ల కట్టలు విప్పి నూనె పట్టించాలి. ఈ నెల వంతు మగ్గాలవీధి సింగారిది. తన వీధి కట్టకు ఆకు ఆకుకూ నూనె రాసింది కానీ, మిగతా రెండింటినీ విప్పనే లేదు.

"మా కట్ట కూడా విప్పవే," అంది పడవలవాడ గురవి, కిటికీలోంచి తల దూర్చి.

"దాన్నిండా చేపలూ వలలే. ఎవరు చదువుతారే?"

"నేను మీ కథలు చదవడం లేదా? పోగు తెగితే కొంప మునిగినట్టు ఏడ్చే మనుషులు మీరు. అయినా చదివాను."

సింగారి నవ్వి తన వీధి కట్టను మళ్ళీ కట్టేసింది.

నెల తిరిగేసరికి విప్పని కట్టల్లోంచి చెదలరాకాసి గదిలోకి వచ్చింది. మూడు కట్టల్లోని నలుపంతా నాకేసి అడవికి వెళ్ళిపోయింది. ఆ పొద్దున్నుంచే ఒక వాడ మాట ఇంకొక వాడకు అర్థం కాకుండా పోయింది. గురవి వచ్చి గుమ్మంలో ఏదో చెప్పింది. సింగారికి అది నీళ్ళలో గులకరాళ్ళు పడ్డ చప్పుడులా వినిపించింది. నడక నేర్చిన నాటి నుంచీ కలిసి తిరిగినవాళ్ళు, ఒకరినొకరు చూస్తూ నిలబడిపోయారు. చివరికి గురవి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అక్షరాలు తెచ్చినవారికి పుస్తకాల గది పెత్తనం ఇస్తామని రాజుగారు దండోరా వేయించారు.

"పెత్తనం ఎవరిక్కావాలమ్మా? నాకు గురవి మాట కావాలి," అని తల్లితో చెప్పి, విప్పని రెండు కట్టలూ చంకన పెట్టుకుని సింగారి అడవి దారి పట్టింది.

మొదట ఏరు అడ్డొచ్చింది. ఏట్లో మొసలి నోరు తెరిచి ఉంది.

"దాటాలంటే నాకు రావలసింది ఇయ్యి. అదేమిటో మాత్రం నేను చెప్పనమ్మీ."

సింగారి పడవలవాడ కట్ట విప్పింది. ఆకులన్నీ తెల్లగా ఉన్నాయి. దిగులుగా ఆకు నిమిరితే వేలికి గీత తగిలింది. నలుపు పోయింది కానీ గంటం గీసిన గాడి పోలేదు. చెవికి అందని మాట వేలికి అందింది. కూడబలుక్కుంటూ చదివింది. పడవలవాడలో తొలి చేపను ఏటికే తిరిగి వదులుతారట. సింగారి పైట పరిచి ఒక చేపను పట్టి మొసలి ముందు వదిలింది.

"నీకెవరు చెప్పారు?" అంది మొసలి, పక్కకు జరుగుతూ.

"చదివాను. కాస్త ఆలస్యంగా."

కొండ మలుపులో ఎలుగుబంటి లేచి నిలబడింది. సింగారి కొండగూడెం కట్టను వేళ్ళతో తడిమింది. అందులో ఉన్నట్టే నేల మీద కూర్చుని, తన పేరూ, తండ్రి పేరూ, వచ్చిన పనీ చెప్పుకుంది.

"కూర్చుని పేరు చెప్పినవాళ్ళను మేం కొట్టం. అయినా, మగ్గం దగ్గర కూర్చునేవాళ్ళు ఇంత దూరం నడుస్తారా?" అని గొణుక్కుంటూ ఎలుగుబంటి దారి వదిలింది.

కొండ మీద పుట్టలో చెదలరాకాసి కూర్చుని ఉంది. దాని నాలుక కాటుకలా నల్లగా ఉంది.

"విప్పని కట్టే నాకు వాకిలి. ఎవరు విప్పలేదో చెప్పు పిల్లా."

వాన మీదో, పోయిన నెల వంతు పిల్ల మీదో నెట్టేయవచ్చు. సింగారికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనే అవ్వా," అంది.

రాకాసి నల్లటి నాలుక లోపలికి తీసుకుంది. "అబద్ధం చెబితే నిన్నూ తినేదాన్ని. విను. ఇకమీదట ఎవరి కథకూ వాళ్ళ ఇంటి మసి అంటదు. పొరుగింటి దీపం మసే అంటుంది. అదీ అడక్కుండా పెట్టాలి. నోటితో అడిగినా, చేత్తో చూపినా రాలిపోతుంది. ఏ కట్ట నల్లబడితే ఆ వాడ మాట అందరికీ తెలుస్తుంది."

సింగారి ఇల్లు చేరి తమ దీపం మసి గీకింది. దానితో రెండు కట్టలూ రుద్దింది. అక్షరాలు చీమల బారులా లేచి నిలబడ్డాయి. బడిలో కొండగూడెం పిల్లలూ పడవలవాడ పిల్లలూ ఒకరి కథలు ఒకరు లాక్కుని చదువుకున్నారు. రాజుగారు తాళంచెవి తెచ్చి సింగారి చేతిలో పెట్టారు. మగ్గాలవీధి కట్ట మాత్రం తెల్లగానే ఉంది; దాన్ని ఇంటికి తెచ్చి మంచం మీద పెట్టుకుంది. ఆ వీధి మాట బయటివాళ్ళెవరికీ ఇంకా అందలేదు.

ఆ సాయంత్రం గురవి వచ్చింది.

"ఎక్కడ తిరిగావే ఇన్నాళ్ళు? ఈ కాళ్ళేమిటి, ముళ్ళ కంపలా ఉన్నాయి," అంటూ కూర్చుని ముళ్ళు తీయసాగింది.

ప్రతి మాటా అర్థమై సింగారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "నీ మాట కోసమే పోయాను," అంది.

గురవి తల అడ్డంగా ఊపింది. "నాకు మగ్గం చప్పుడులా ఉందే. మా మాట నీకు తెచ్చుకున్నావు. మరి నీ మాట ఏది?"

సింగారికి రాకాసి షరతు గుర్తొచ్చింది. కంటితో చూపినా అడిగినట్టే అవుతుందని, మంచం మీది తెల్లటి కట్ట వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది.

గురవి ఆమె నల్లటి వేళ్ళు చూసింది. మసి లేకుండా గీకిన దీపం చూసింది. మంచం మీది కట్ట చూసింది. ఆఖరి ముల్లు తీసి పక్కన పెట్టింది.

సింగారి ఇటు తిరిగేసరికి మంచం ఖాళీగా ఉంది. కట్టను పైటలో చుట్టుకుని, గడప దాటి, అప్పుడప్పుడే దీపాలు వెలుగుతున్న పడవలవాడ వైపు గురవి నడిచి వెళ్ళింది.