ఆపరేటరు గదికి బయట గడియ

ఆ సినిమాహాలు పేరెత్తితే చాలు, పాలుతాగే పిల్లలు కూడా ఠక్కున ఏడుపాపేసేవాళ్ళు. అక్కడి నల్లులు సైతం ఒంటరిగా తిరగవు, జంటగానే తిరుగుతాయి. అబద్ధమైతే నా పళ్ళు రాలిపోవాలి... ఉన్నవి రెండే అనుకోండి.

మా చెల్లెలి మొగుడు అందులో ఆపరేటరు. రీలు తిరుగుతుండగానే టీకి జారుకుంటాడని, ఆట మొదలవగానే ఓనరు అతని గదికి బయట గడియ పెట్టించేవాడు. ఆట అయ్యాకే తీసేది.

మా చెల్లి అప్పుడప్పుడే పిచ్చాసుపత్రి నుంచి వచ్చింది. లేనివాళ్ళు మళ్ళీ కనిపిస్తే వెంటనే తెచ్చి అప్పగించమన్నాడట డాక్టరు. దాన్ని ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక, మరిది తనతోపాటు ఆ గదిలోనే కూర్చోబెట్టుకునేవాడు.

ఆ వారం ఎప్పటిదో నలుపు తెలుపు బొమ్మ. రక్తం తాగే పిశాచాల కథ. అందులో మతి చెదిరి కోలుకున్న ఒకావిడ, పిశాచాన్ని చూశానని మొత్తుకుంటుంది... ఒక్కరూ నమ్మరు. హాల్లో చూద్దామా అంటే ఈగలు కూడా లేవు.

గోడకున్న కంతలోంచి చెల్లి కిందికి చూసింది. ముందు వరసలో ఎవరో ఒకావిడ. తెల్లగా — సున్నం కొట్టిన గోడలా.

రీలు మారింది. ఆవిడ మధ్య వరసలో ఉంది.

మళ్ళీ మారింది... సరిగ్గా కంత కిందే ఉంది. మొహం పైకెత్తి. పెదాలు తడితడిగా.

చెల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. అరిస్తే ఆసుపత్రే. పరిగెడదామంటే గడియ బయట.

అప్పుడు మరిది, పక్క కంతలోంచి కళ్ళు తీయకుండానే, గుసగుసగా అడిగాడు.

"ఇదిగో... కింద ఎవరైనా కనిపిస్తున్నారా నీకు?"

తనకి పరీక్ష పెడుతున్నాడనుకుంది పిచ్చి మొహం. "ఎవరూ లేరండీ."

అంతే. మతి పోయింది తనకేననుకుని అతను అక్కడే కుప్పకూలాడు. తెల్లారేసరికి అదే ఆసుపత్రిలో చేర్చారు.

చెల్లి ఏడ్చిన ఏడుపుకి బిందెలు నిండాయి. నిజం చెబితే తను లోపలికి, చెప్పకపోతే ఆయన బయటికి రాడు. చివరికి తెగించి డాక్టరు ముందు నిలబడి, ఆయనకి పిచ్చి లేదండీ, నేనూ చూశానంది.

డాక్టరు మరిదిని పిలిపించి, దాని ఎదుటే అడిగాడట. ఏం చెబితే వదులుతారో ఆపాటికి మరిదికి వంటబట్టింది. చెల్లి కళ్ళలోకి చూడకుండా అన్నాడు —

"నేనేమీ చూడలేదండీ. అదంతా నా భ్రమ."

అతన్ని వదిలేశారు. దాన్ని ఉంచేశారు.

సంచి చంకలో ఇరికించుకుని ఒక్కడే గేటు దాకా వచ్చాడు. వాచ్‌మన్ ఒక రెక్క తీశాడు... వాడి చూపు మరిది పక్కకి మళ్ళింది... రెండో రెక్క కూడా తీశాడు.

"అమ్మగారిని కాస్త పట్టుకుని నడిపించండి బాబూ. ఒంట్లో చుక్క నెత్తురు లేనట్టుంది."