నేలపట్టు బూట్లు

రెండువేల డెబ్బై నాలుగు నాటికి భీమిలిలో డెబ్బై దాటినవాళ్లెవరూ దేనికోసమూ పరిగెత్తనక్కరలేదు. బస్సే గుమ్మం దాకా వచ్చి, మెట్టు నేలకి ఆనేంతగా వంగేది. సముద్రం ఒడ్డున సాయంత్రాలు వాళ్లు ఆడుకునే నడక ఫుట్‌బాల్‌లో అయితే పరుగు నిషిద్ధం. ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉండాలి. రెండూ లేస్తే ఫౌల్.

ఆ ఫౌల్ దగ్గరే రోజూ తగువు. దాన్ని తీర్చడానికీ, ఎవరూ పడి ఎముకలు విరగ్గొట్టుకోకుండా ఉండడానికీ నైమిష అనే యువ శాస్త్రవేత్త నేలపట్టు బూట్లు తయారుచేసింది. మనిషి పరిగెత్తబోయే ముందు మెదడు నుంచి పిక్క కండరానికి విద్యుత్ సంకేతం వస్తుంది. కాలు కదిలేది ఆ తర్వాతే. బూటు పట్టీలోని సెన్సర్ ఆ సంకేతాన్ని ముందే పసిగడుతుంది. దానికి ఆమె ఉద్దేశ గ్రాహకం అని పేరు పెట్టింది. వెంటనే సోల్‌లోని ద్రవం గట్టిపడి కాలు బరువెక్కుతుంది. గీత పక్కనుండే యంత్ర రెఫరీ, గమని, ఫౌల్ రాసుకుంటుంది. అలాంటివి మూడైతే ఆ మనిషికి జట్టులో చోటుండదు.

పైడమ్మకి డెబ్బై ఆరేళ్లు. ఆమెకి రెండో ఫౌల్ పడిన రోజు మైదానం మధ్యలో ఆగిపోయి గమనితో వాదన పెట్టుకుంది.

"నాను పరిగెట్నేదు."

"పరిగెత్తాలనుకున్నారు," అంది గమని.

"అనుకుంటే కూడా తప్పేటే?"

"ప్రమాదం అక్కడే మొదలవుతుంది."

అవతలి జట్టు గురునాయుడు పగలబడి నవ్వాడు. "ఒదినా, మనసుకి కూడా బూట్లేసీసినారు!"

పైడమ్మ నైమిష చెయ్యి పట్టుకుంది. "ఇంకొక్కటి పడితే నన్ను తీసేత్తారు గదమ్మా. ఈ ఆట నేకపోతే సాయంత్రం ఎలాగెల్తాది నాకు?"

"తొందరపడకండి మామ్మా. ఇంట్లో కూడా ఇవే తొడుక్కోండి, అలవాటవుతుంది."

అలవాటయింది. ఒక్క పైడమ్మకే కాదు, అందరికీ. పోటీల చివరి రోజు వచ్చేసరికి ఎన్నో వారాలుగా ఒక్క ఫౌల్ కూడా లేదు. నైమిషకి మాత్రం కాలు నిలవడం లేదు. గీత వెంబడి అటూ ఇటూ తిరుగుతోంది. గురునాయుడి జట్టు ఒక గోల్ ముందుంది. ఆ తర్వాత బంతి దొర్లుకుంటూ వచ్చి పైడమ్మకి కాస్త దూరంలో ఆగింది. దాని దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. వెళ్లాలని ఉత్సాహపడితే కాలు బరువెక్కుతుందని, అందరూ ఉత్సాహపడడమే మానేశారు.

"ఇది ఆదర్శమైన ఆట," అంది గమని.

"మామ్మా, బంతి మీ ముందే ఉంది!" అని అరిచింది నైమిష.

"కనిపిస్తంది."

"మరి వెళ్లరేం?"

"నిన్న మేడ మీద ఒడియాలు పెట్టినానమ్మా. వాన వచ్చీసింది. అవి తడిసిపోతంటే సూస్తా నిలబడ్డాను."

ఆ గొంతులో బాధ లేదు. నైమిషకి భయం వేసింది అందుకే.

"గమనీ, బూట్లు ఆపెయ్. నువ్వూ ఆగిపో."

"ఎవరైనా పడితే?"

పైడమ్మ తుంటి ఎముక ఎక్స్‌రే నైమిష చూసింది. అయినా చేతిలోని మీట తనే నొక్కింది. గమని దీపాలు ఆరిపోయాయి.

"ఆపేశాను! ఇక వెళ్లండి!"

ఎవరూ కదల్లేదు. కాళ్లకున్నవి ఇప్పుడు వట్టి బూట్లు. అయినా ఎక్కడివాళ్లక్కడే నిలబడి ఉన్నారు. తాను ఏం ఆపిందో, ఏం ఆపలేకపోయిందో నైమిషకి అర్థమైంది. మళ్లీ అరవబోయింది.

అప్పుడు గురునాయుడు, నిలబడ్డ చోటునుంచి కదలకుండానే, నోరు తెరిచాడు.

"ఒడియాలు తడిపీసినావటొదినా! ఇంక బంతేటి తన్నుతావు? ఎల్లి కాకుల్ని తోలుకో. కప్పు మేం అట్టుకెల్తాం."

పైడమ్మ తల తిప్పింది. "ఏటన్నావురా?"

ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. ఆ తర్వాత వేసినవాటిని అడుగులనడం కష్టం. బంతి గురునాయుడి కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయి గోల్‌లో పడింది.

"పరిగెట్టీసింది! ఫౌలు! ఫౌలు!" అని అరిచాడు గురునాయుడు.

మైదానం మొత్తం కదిలింది. "నడిసింది!" అని ఒకరు, "కళ్లు కనబడవా నీకు?" అని మరొకరు, చేతులూపుకుంటూ వచ్చి నైమిష చుట్టూ మూగారు. పైడమ్మ తుంటి మీద చెయ్యి వేసుకుని, ఆయాసపడుతూ, గోల్ వైపే చూస్తోంది.

"పాపా, ఈ బూట్లు సేసినదానివి నువ్వు," అన్నాడు గురునాయుడు రొప్పుతూ. "నీకంటే తెలిసినోల్లు నేరు. సెప్పు. రెండు కాల్లూ లేసినాయా, నేదా?"

లేచాయి. ఆ పాదాల కింద నుంచి నైమిషకి సముద్రం కనిపించింది. ఆ మాట అంటే మూడో ఫౌల్.

"నేను బంతిని చూస్తున్నాను తాతా," అంది.