ఎర్ర వైరు చుట్లు

మూడో పీరియడ్‌కి రీనాకి ఆవలింతలు ఆగడం లేదు. ఒకటి మింగేలోపు ఇంకొకటి వచ్చేస్తోంది. పైగా పోర్ట్‌బ్లెయిర్‌లో పొద్దున్నుంచి కరెంటు లేదు. ఏడో తరగతి గదిలో ఫ్యాన్ కూడా అలిసిపోయినట్టు ఊరుకుంది.

పక్కన కూర్చున్న నాన్సీ మోచేత్తో పొడిచింది. "ఏటే, నిద్రపోలేదా?"

"మా నాన్న టైముకి రాలేదే. అమ్మా నేనూ గుమ్మంలోనే కూర్చున్నాం," అంది రీనా.

రీనా నాన్న రాబర్ట్ చేపలు పడతాడు. ఆయనకి ఇంజిన్ పెట్టిన చిన్న పడవ ఉంది. అండమాన్‌లో దాన్ని డుంగీ అంటారు. సాయంత్రం వెళ్ళి, తెల్లారి ఐదింటికల్లా జంగ్లీఘాట్ ఒడ్డుకి వచ్చేస్తాడు. ఈరోజు మాత్రం ఎనిమిదింటికి వచ్చాడు. తడి చొక్కా కూడా మార్చకుండా గోడకి ఆనుకుని కూలబడ్డాడు. అమ్మ మేరమ్మ టీ ఇస్తే, గ్లాసు ఆయన చేతిలోనే చల్లారిపోయింది.

"వానకి చుక్కలు కనబడలేదు మేరమ్మా. ఫోన్‌లో సిగ్నల్ లేదు. కంపాస్ చూసుకునే వస్తన్నాను. ఒడ్డు రావాల్సిన టైముకి చూస్తే చుట్టూ నీళ్ళే!" అన్నాడు.

"కంపాస్ పాడైందేమో?" అంది అమ్మ.

"లేదు. తెల్లారి లైటు ఆర్పేసి చూసినాను. ముల్లు ఠీక్‌గానే ఉంది. తప్పు నా కళ్ళదే. బస్, నా పని అయిపోయింది."

నాన్నకి నలభై మూడేళ్ళు. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన తాతయ్యలా కనిపించాడు. రీనాకి ఏడుపొచ్చింది. బ్యాగు తీసుకుని బడికి వచ్చేసింది.

ఝాన్సీలక్ష్మి మేడమ్ గదిలోకి వచ్చారు. వరసగా రెండు క్లాసులు చెప్పి ఆవిడ గొంతు బొంగురుపోయింది. కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకున్నారు.

"కరెంటు లేదు కాబట్టి కరెంటు గురించే చెప్పుకుందాం. ఎవరూ ఫ్యాన్ వంక చూడకండి, అది సిగ్గుపడుతుంది," అన్నారు. పిల్లలు నీరసంగా నవ్వారు.

ఆవిడ ఖాళీ అగ్గిపెట్టె లోపలి అరలో చిన్న కంపాస్ పెట్టారు. ఆ అర మీదుగా, కిందుగా సన్నటి రాగి తీగని చుట్టారు. తీగ రెండు కొసలనీ టార్చిలైటు సెల్‌కి ఆనించారు.

అప్పటిదాకా ఉత్తరం చూపిస్తున్న ముల్లు గిరుక్కున పక్కకి తిరిగింది!

"అరే!" అంటూ వెనక బెంచీవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

మేడమ్ తీగని సెల్ నుంచి తీసేశారు. ముల్లు కాసేపు ఊగి, మళ్ళీ ఉత్తరానికి వచ్చి ఆగింది.

"కంపాస్ ముల్లు ఒక చిన్న అయస్కాంతం. మామూలుగా అది భూమి చెప్పిన మాట వింటుంది. తీగలో కరెంటు పారుతున్నంతసేపూ ఆ తీగ కూడా అయస్కాంతంలా పనిచేస్తుంది. అప్పుడు పాపం ముల్లు దగ్గరున్న తీగ మాట వింటుంది. కరెంటు ఆపేస్తే తీగ మళ్ళీ ఉత్త తీగే."

"ఎక్కువసార్లు చుడితే?" అంది నాన్సీ.

"బలం ఎక్కువవుతుంది."

రీనా నిద్ర ఎగిరిపోయింది. చెయ్యెత్తింది. "మేడమ్, సెల్ బదులు పెద్ద బ్యాటరీ ఉంటే? డుంగీలో లైటుకి పెడతారే, అలాంటిది?"

"ఇంకా గట్టిగా తిప్పేస్తుంది. ఏమ్మా, అలా అయిపోయావేంటి?"

 రీనాకి పోయిన ఆదివారం గుర్తొచ్చింది.

ఏడాదికోసారి వాళ్ళ తెలుగు చర్చి పాస్టరుగారు ఒడ్డుకి వచ్చి డుంగీల దగ్గర ప్రార్థన చేస్తారు. ఆ రోజు పిల్లలే డుంగీలు కడిగి, రంగు కాగితాలు కడతారు. రీనా కూడా కడిగింది. డుంగీలో బ్యాటరీ నుంచి లైటుకి పోయే ఎర్ర వైరు వదులుగా వేలాడుతోంది. నల్ల వైరుని అవతలి పక్క ఎప్పుడో మేకులు కొట్టి బిగించారు. ఈ ఎర్రదే అసహ్యంగా ఉందనిపించింది. దాన్ని కంపాస్ ఉన్న చెక్కపెట్టెకి పైనుంచి కిందికి చుట్టేసింది. కంపాస్ అద్దానికి అడ్డం రాకుండా అటు ఆరు చుట్లు, ఇటు ఆరు చుట్లు.

"ఎవరమ్మా ఇంత అందంగా సర్దింది?" అని పాస్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ పొగడ్తకి రీనా సోమవారం దాకా నేల మీద నడవలేదు.

బడి వదలగానే ఒడ్డుకి పరిగెత్తింది. డుంగీ తాడుకి కట్టేసి ఉంది. నాన్న కాస్త దూరంలో, నాన్నతోపాటు వల లాగే గవరయ్య మావతో మాట్లాడుతున్నాడు.

"ఇవాళ్టి నుంచి ఇంజిన్ నువ్వు పట్టు. వచ్చే నెల నుంచి నాను ఫీనిక్స్ బే రేవులో మూటలు మోసుకుంటాను," అంటున్నాడు నాన్న.

"నాకు దిక్కులేటి తెలుసు? ఒక్కరోజు దారి తప్పితే ఏటైపోద్ది?" అన్నాడు గవరయ్య మావ.

"ఒక్కరోజా? సముద్రం రెండోసారి ఊరుకోదు భయ్యా."

రీనా డుంగీలోకి ఎక్కింది. గబగబా ఒక చుట్టు విప్పింది. రెండోది విప్పింది. అన్నీ విప్పేస్తే చాలు. కంపాస్ బాగైపోతుంది. తను చేసింది ఎవరికీ తెలీదు.

కానీ నాన్న తన కళ్ళే పోయాయని అనుకుంటూ ఉంటాడు.

రీనా చేతులు ఆగిపోయాయి. విప్పిన రెండు చుట్లూ మళ్ళీ చుట్టేసింది.

"నాన్నా, ఇలా రా!"

"ఏటే, ఇలా వచ్చేసినావు? అన్నం తిన్నావా?" అంటూ నాన్న కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. వెనకే గవరయ్య మావ కూడా వచ్చాడు.

"ముల్లు చూడు. ఎటుంది?"

"అదుగో, ఉత్తరానికే."

రీనా లైటు స్విచ్ నొక్కింది. ముల్లు గిరుక్కున తిరిగింది. స్విచ్ ఆపింది. ముల్లు వెనక్కి వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ తిరిగింది.

నాన్న వంగి, పెట్టె చుట్టూ ఉన్న వైరుని వేలితో తడిమాడు.

"నేనే చుట్టాను నాన్నా. అందంగా ఉంటుందని. లైటు వేస్తే ఈ వైరే అయస్కాంతం అయిపోతుందట. తప్పు నాది. నీ కళ్ళది కాదు." చివరి మాట దగ్గర ఏడ్చేసింది.

 కోప్పడడానికి కూడా ఓపిక లేనట్టు నాన్న డుంగీ అంచు మీద కూర్చున్నాడు.

"మూడు గంటలు," అన్నాడు మెల్లగా. "మూడు గంటలు సముద్రం మీద నన్ను నానే తిట్టుకున్నాను."

రీనా తల దించుకుంది.

నాన్న రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట. పిట్టా, విప్పెయ్ ఇంక."

రీనా పన్నెండు చుట్లూ విప్పింది. ఎర్ర వైరు మళ్ళీ పొడుగ్గా వేలాడింది. దాన్ని దగ్గరున్న మేకుకి తగిలించబోయి, ఆగింది.

"నాన్నా, దీన్ని ఎక్కడ కట్టమంటావు?"

"చల్, ఇప్పుడడుగుతోంది!" అని గవరయ్య మావ నవ్వాడు.

నాన్న కంపాస్‌కి దూరంగా, నల్ల వైరు ఉన్న పక్కని చూపించాడు. రీనా అక్కడే కట్టింది. లైటు వేసి చూసింది. ముల్లు కదల్లేదు. నమ్మకం చాలక ఇంకో మూడుసార్లు వేసి చూసింది.

నాన్న లేచి, ఇంజిన్ దగ్గర తన చోట్లో తను కూర్చున్నాడు.

"రీనా, మీ అమ్మకి సెప్పు. తెల్లారి ఐదింటికల్లా టీ పెట్టమను. ఈసారి తాగుతాను."